పచ్చదీపాల పాఠం

జిల్లాలోని సర్కారు బళ్ళన్నిటిలో ఇప్పుడు ప్రతి పిల్లవాడి ముందూ ఒక శ్రద్ధదీపం ఉంటుంది. చూపు బోర్డు మీద నిలిస్తే పచ్చగా వెలుగుతుంది, పక్కకు పోతే ఎర్రబడుతుంది. ఏడాది ఆఖరుకి ఎరుపు ఎక్కువైన టీచరుకు దూరపు ఊరికి బదిలీ తప్పదు.

ఏడో తరగతికి లెక్కలు చెప్పే సుభాషిణి టీచరు గది ఏడాదిగా మిరప కళ్లంలా ఎర్రగానే ఉంది. భిన్నాలను పాటగా పాడినా, అరిసెలు తుంచి చూపించినా రంగు మారలేదు. ఆ రోజు విసుగెత్తి, పిల్లలకు వీపు పెట్టి, ఒక్క మాటా లేకుండా బోర్డు నిండా లెక్కలు రాసుకుంటూ పోయింది. వెనక్కి తిరిగితే గదంతా పచ్చటి వరిచేను.

"ఏమైందర్రా?" అంది నమ్మలేక.

ముందు బెంచీలో కూర్చున్న షంషాద్ గుసగుసగా చెప్పింది. "బోర్డు మీద బల్లి పురుగుని పట్టబోతా ఉంది టీచర్. కదలమాకండి."

సాయంత్రానికి జిల్లా ఆఫీసులోని యంత్రం తరగతి కెమెరా వీడియో చూసి, టీచరు వీపే కారణమని తేల్చేసింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇకపై టీచర్లందరూ పిల్లలకు వీపు పెట్టి, నోరు మెదపకుండా పాఠం చెప్పాలి. సుభాషిణికి శాలువా కప్పారు. పక్క బళ్ళ టీచర్లు మాత్రం ఫోను మీద ఫోను చేస్తున్నారు. "మాకు ఎరుపే వస్తోంది, కిటుకేంటో చెప్పమ్మా."

ఆమెకు మనసొప్పలేదు. హెడ్మాస్టరు ఏసుపాదం దగ్గరికి వెళ్ళింది. "బల్లి సంగతి ఆఫీసుకి చెప్పేద్దాం సార్."

ఆయన గబగబా తలుపు మూశాడు. "ఊరుకోమ్మా. చెప్పామంటే రేపట్నించి బల్లుల హాజరు కూడా మనమే ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి."