మాట్లాడే గల్లాపెట్టె

తిరుపాలమ్మ బజ్జీలు తిప్పడానికి బాణలి వైపు తిరగ్గానే ఓబుళేసు ఆమె బండి మీది నీలం పెట్టెను సంచిలోకి జార్చేశాడు. తొందర పడకుండా గుంతకల్లు బస్టాండు దాకా నడిచి, కదలబోతున్న తాడిపత్రి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు.

ఓబుళేసు గల్లాపెట్టెల దొంగ. పనిమంతుడే. కాకపోతే ఐదేళ్లు జైల్లో ఉండి కిందటి నెల బయటికి వచ్చేసరికి లోకం తలకిందులైంది. ఏ బండి గల్లా తెరిచినా నాలుగు బిళ్లలు తప్ప కాగితం కనబడదు. జనం ఉగ్గాని తింటున్నారు, టీ తాగుతున్నారు, ఒక అట్టముక్కకు ఫోను చూపించి మూతి తుడుచుకుని పోతున్నారు. మరి దుడ్లు ఏమైపోతున్నట్టు?

రెండు రోజులు తిరుపాలమ్మ బండికి ఎదురుగా కూర్చుని కనిపెట్టాడు. ఎవరు ఫోను చూపించినా ఆ నీలం పెట్టె "ముప్పై రూపాయలు అందాయి" అని అరుస్తోంది. అందాయంటే పెట్టెకే కదా అందినట్టు! ఇక ఆలోచించేదేముంది? పెట్టె ఎత్తుకుపోవడం, ఊరు దాటగానే దిగి రాతితో పగలగొట్టడం.

ఊరు దాటింది. అతను లేవబోతుండగా సంచిలోంచి పెట్టె గొంతెత్తింది.

"పది రూపాయలు అందాయి."

బస్సంతా వెనక్కి తిరిగింది. ఓబుళేసుకు చెమటలు పట్టాయి. ముందు సీట్లోని ఒక ముసలవ్వ లేచి, కడ్డీలు పట్టుకుంటూ వచ్చి అతని పక్కన చతికిలబడింది.

"నీదేనా నాయనా పెట్టె? ఏం బేరం చేస్తాండావు?"

తనకు ఉగ్గాని బండి ఉందని, పెట్టెకు చిన్న మరమ్మతు ఉంటే తీసుకుపోతున్నానని నోటికొచ్చింది చెప్పాడు. చెబుతుండగానే పెట్టె మళ్లీ పలికింది. ఇరవై. అవ్వ ముక్కున వేలేసుకుంది. మనిషి ఇక్కడ, బండి అక్కడ, దుడ్లేమో బస్సు వెంట పరిగెత్తుకొస్తున్నాయా అని విస్తుపోయింది.

ఆ మాటతో ఓబుళేసు భయం ఎగిరిపోయింది. నిజమే! పెట్టె తన ఒళ్లో ఉంది, గుంతకల్లులో జనం తింటూనే ఉన్నారు, కొత్త దుడ్లు వచ్చి పడుతూనే ఉన్నాయి. ఇప్పుడు పగలగొడితే ఉన్నంతే దక్కుతుంది. తేనెతుట్టె నిండకముందే పిండేవాడు ఎంత వెర్రివాడు!

అయినా పట్టుబడతానేమోనని తర్వాతి స్టాపులో లేచాడు. "యాభై రూపాయలు అందాయి." కూర్చున్నాడు. ఆ తర్వాతి ఊళ్లో మనసు రాయి చేసుకుని మెట్ల దాకా పోయాడు. "వంద రూపాయలు అందాయి." వెనక్కి వచ్చి సంచిని ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. జేబులోని చివరి ఇరవై రూపాయలతో అవ్వకు వేయించిన చెనిక్కాయలు కొనిపెట్టాడు. రేపో మాపో పది గొర్రెలు కొంటానని, ఆపైన రేకులు తీసేసి మిద్దె కట్టిస్తానని చెప్పుకొచ్చాడు. నువ్వు చల్లంగా ఉండాలి నాయనా అని దీవించి, అవ్వ కొంగు సర్దుకుంది. మధ్యలో ఒకసారి కోడలికి ఫోను చేసి, గుత్తికి వస్తున్నామని చెప్పింది.

పెట్టె రెండు వందలంది. ఓబుళేసుకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్లూ గల్లాల్లో చేతులు పెట్టి ఎంత ఆయాసపడ్డాడు! దొంగతనమంటే ఇదీ, కాలు మీద కాలేసుకుని కూర్చుంటే చాలు.

గుత్తి బస్టాండు వచ్చింది. జనం ఎక్కువ, ఇక్కడ దిగడమే మేలనుకుని లేచాడు.

"ఐదు వందల రూపాయలు అందాయి."

మళ్లీ సీట్లో కూలబడ్డాడు. అంతలో కానిస్టేబుల్ గంగాధర్ బస్సెక్కి, ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా వచ్చి అతని సంచి మీద చెయ్యేశాడు.

ఓబుళేసు తప్పు ఒప్పుకున్నాడు. చేతులు జోడించాడు. పెట్టెను మాత్రం వదల్లేకపోయాడు.

"సార్, నన్ను తీసకపోండి, కాదనను. ఇంగొక గంట మాత్రం ఆగండి. ఆడ జనం ఇంకా తింటాండారు, పెట్టె నిండుతాండాది."

పక్కనున్న అవ్వ కొంగు చాటు నుంచి ఫోను బయటికి తీసింది.

"ఎవురూ తినడంల్యా నాయనా, పెట్టె పోయినప్పుడే మా కోడలు తిరుపాలమ్మ బండి మూసేసి, దొంగ ఈ బస్సే ఎక్కినాడని నాకు ఫోను చేసింది, నువ్వు యాడ కూర్చున్నావో తెలిసేదానికి ఆ పది, నువ్వు దిగకుండా ఉండేదానికి మిగతావన్నీ ఈ ఫోన్లోంచి కొట్టింది నేనే."