రేపల్లె అని రాసినందుకు

తెనాలి లాయరు కనకదుర్గ తాను గెలిచిన కేసుల గురించి బ్లాగు రాస్తుంది. భర్త దెబ్బలకు పారిపోయిన ఫిర్దోస్ కేసూ రాసింది. ఆమె ఇప్పుడు రేపల్లెలో కుట్టుమిషను పెట్టుకుని ధైర్యంగా బతుకుతోందని ముగించింది.

ఆ ఫిర్దోస్ పాపనెత్తుకుని ఆఫీసుకొచ్చింది. "అది తీసేయండి మేడమ్."

"నీ పేరు రాయలేదు కదమ్మా. నువ్వెందుకు సిగ్గుపడాలి?" అంటూనే కనకదుర్గ తీసేసింది. అప్పటికే లాయర్ల వార్తల సైట్లు దాన్ని యథాతథంగా వేసుకున్నాయి. ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"పోనీలే, అవి లాయర్లు తప్ప ఎవరూ చదవరు."

"మా ఆయనకీ లాయరున్నాడు కదండీ. పొద్దున ఆయనే మా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక గుమ్మంలోంచి వచ్చేశాం."

 "ఇప్పుడెక్కడికెళ్తావమ్మా?" అంది కనకదుర్గ.

"మీకు చెప్పనండి."