ఫట్‌ఫటీ మీద ఒడిబియ్యం

"ఒడి గట్టిగ పట్టు బిడ్డా, గింజ కింద పడొద్దు," అంటూ లక్ష్మీనర్సమ్మ ఐదో దోసిలి పోసింది. పసుపు కలిపిన బియ్యం, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, నాలుగు ఖర్జూరాలు. అన్నిటికంటే అడుగున, బియ్యం కన్నా ముందే పెట్టిన కాగితం మడత. అన్నీ కలిపి సౌభాగ్య నడుముకు చుట్టి ముడేసింది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఆ ఇంటి ముందు ఫట్‌ఫటీ మోటారు సైకిలు అప్పటికే డబడబలాడుతోంది.

"అల్లుడు కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతుండు. ఇగ లే!" వాడకట్టంతా వినేటట్టు గట్టిగా అంది లక్ష్మీనర్సమ్మ. తర్వాత చెవి దగ్గరికి వంగింది. "అడిగినదానికే జవాబియ్యి. ఎవ్వరి సంగతి అడగకు, ఎవ్వరికి చెప్పకు. తెల్వని మాట తన్నినా బయటికి రాదు."

ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, ఆ ఏడు హైదరాబాదొక దేశం, బెజవాడ ఇంకో దేశం. తెల్లోడు పోయి ఏడాది కూడా నిండలేదు. నిజాం రాజ్యం దాటి ఇండియన్ యూనియన్‌లోకి పోవాలంటే పర్మిట్ కావాలి. సరిహద్దు నాకా దగ్గర పెట్టె విప్పించి, మూట విప్పించి, చివరికి నోరు కూడా విప్పించేవాళ్లు. సౌభాగ్య ఒడిలోని కాగితంలో నలభై పేర్లున్నాయి. నిజాం సర్కారు జైల్లో వేసి, అసలు అట్లాంటివాళ్లే లేరని బుకాయిస్తున్న మనుషుల పేర్లు. బెజవాడ పేపరులో అచ్చయితే లోకమంతా చదువుతుంది, ఇక వాళ్లను మాయం చేయడం కుదరదు. మూడో పేరు జనార్దన్. ఆమె తమ్ముడు. చదువు రాని సౌభాగ్య ఒడి కట్టకముందు ఆ మూడో వరుసను వేలితో తడిమి చూసుకుంది, అంతే.

ఆబిడ్స్‌లో పెట్రోలు పోసే బిచ్చయ్య ఆమెను చూసి నవ్వాడు. "ఏందమ్మా, ఇనుప కడ్డీ పట్టుకొని కూసున్నవ్? మొగని భుజం పట్టుకో. పడ్డంక సిగ్గుపడితే ఏం ఫాయిదా?"

బండి నడిపే ఆయన రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. సౌభాగ్య కడ్డీ వదల్లేదు.

బండి సూర్యాపేట దాటింది. "దూప అయితే చెప్పు," అన్నాడొకసారి. "ఊఁ," అంది. నీళ్ల కోసం బండి ఆపితే ఆలస్యమవుతుందని అడగలేదు.

నాకా వచ్చింది. ఆడవాళ్లను సోదా చేసే ముసలి కిష్టవ్వ ఆమెను తడిక చాటుకు తీసుకుపోయింది. జడ తడిమింది, రవిక తడిమింది, నడుము దగ్గర చేయి ఆపింది.

"ఒడిబియ్యమా?"

"ఔ."

"అయితే ముట్ట. అత్తగారింట్ల దేవుని ముందర ఇప్పాలె గని, గీడ ఇప్పితే ఆ పాపం నాకెందుకు? నడువు."

హమ్మయ్య అనుకుంది సౌభాగ్య. కానీ బయట జమేదార్ పర్మిట్‌ను ముందుకూ వెనక్కూ తిప్పుతున్నాడు.

"పర్మిట్లు గిప్పుడు కిరాయికి తిరుగుతున్నయ్. పేరొకనిది, సవారీ ఇంకొకనిది." ఆయన ఏదో అనబోతే జమేదార్ చేయి అడ్డం పెట్టాడు. "నువ్ జర ఖామోష్. అమ్మా, నువ్వు చెప్పు. నీ మొగని పేరేంది?"

ఆ పేరు సౌభాగ్య నోట ఎన్నడూ రాలేదు. ఆయన వంక చూసింది. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పక్కనే తుపాకీ పట్టిన జవాను.

"చెప్పవేం? తప్పు చెప్పినా, చెప్పకపోయినా బండి గీడనే, మీరు లోపలనే. ఆ బియ్యం గూడ జల్లెడ పట్టిస్త."

సౌభాగ్య కళ్లల్లోంచి బొటబొటా నీళ్లు.

"ఏంది సాబ్ గిది!" కిష్టవ్వ లేచింది. "లగ్గమైన ఆడిది మొగని పేరెత్తుతదా? ఆయుష్షు తరుగదూ! నలభై ఏండ్లాయె, నా నోట్ల రాలే. మావోడు బాయిల పడ్డనాడు గూడ 'ఓ పెద్దోని నాయినా' అనే ఒర్రిన. ఏ పెద్దోడని ఊరోల్లు అడిగి తెలుసుకొని వచ్చేసరికి సగం బాయి తాగిండు."

జవాన్లు పకపకా నవ్వారు. జమేదార్ నవ్వలేదు. "అయితే ఇషారా ఇయ్యమను."

"జర ఇషారా ఇయ్యి బిడ్డా, ఏదన్న గుర్తు చెప్పు. దేవుని పేరేనా?"

దేవుని పేరు కాక ఇంకేం పెట్టుకుంటారు? సౌభాగ్య తలూపింది.

"ఏ దేవుడు? రాముడా? నర్సిమ్ముడా?"

సౌభాగ్య రెండు చేతులతో మొహం కప్పుకుని అక్కడే కూలబడింది. ముడి సడలి నాలుగు పసుపు గింజలు దుమ్ములో రాలాయి.

జమేదార్ ఆ గింజలను చూశాడు. పర్మిట్‌ను చూశాడు. మీసాల చాటున నవ్వు మొలిచింది. "పోనీ తియ్. మా ఇంట్ల బీబీ గూడ గింతే. 'అజీ సునో' అంటది గాని పేరు పలకదు. పోండి, పోండి!"

అడ్డకర్ర పైకి లేచింది.

యూనియన్ నేల మీద రెండు మైళ్లు పోయేదాకా ఎవరూ వెనక్కి తిరగలేదు. ఒక వాగు పక్కన ఆయన బండి ఆపాడు. "ఇగ ఫికర్ లేదు. పొద్దూకకముందే బెజవాడ."

సౌభాగ్య దిగి ఒడి తడిమింది. కాగితం గరగరలాడింది. నలభై పేర్లూ భద్రం. కళ్లు తుడుచుకుని, పొద్దున్నుంచి మొదటిసారి ఆయన మొహంలోకి నేరుగా చూసింది.

"ఇంతకూ నీ పేరేంది, అన్నా?"