పురుగు తిన్న గుట్ట

“ఇది పురుగు చేసిన పని కాదు బాపూ!” అంటూ సాల్మన్ కంప్యూటర్ కాగితాలను మంచం మీద పరిచాడు.

తండ్రి జయరాజు వాటి వంక చూడనైనా చూడలేదు. ఒకప్పుడు అతను అడవిలో వాచర్. అతను కాపలా కాసే గుట్ట మీద టేకు మాయమైంది. పురుగు ఆకంతా తినేసిందని, ఎండిన చెట్లను కొట్టించేశామని, వాచర్ వేళకు చెప్పకపోవడమే తప్పని రేంజర్ రాజేశ్వర్ రావు పైకి రాశాడు. ఉద్యోగం ఊడింది. అప్పటి నుంచి మట్టెవాడలో రిక్షా తొక్కుతూ, నోట్లో నాలుక లేనివాడిలా బతుకుతున్నాడు. ఆ మౌనం చూసినప్పుడల్లా సాల్మన్‌కు కోపం పెరిగేది. రేంజరే టేకు అమ్ముకుని నేరం పురుగు మీదికి, శిక్ష తండ్రి మీదికి తోశాడని అతని నమ్మకం. పగబట్టి మరీ అడవుల చదువే చదివాడు. గుట్టలన్నీ ఎక్కి నేల వేడి కొలిచాడు. ఆ లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించడానికి పంచ్ కార్డులు మోసుకుని హైదరాబాద్ రైలెక్కాడు.

“అడవి ఎట్ల మారుతదో లెక్కేసి మోడల్ కట్టిన బాపూ. పురుగు ఆకు తింటే ఎండ నేలకు తగుల్తది, తేమ పోతది, గడ్డి లేస్తది. మళ్ల వానలు పడంగనే టేకు చిగురిస్తది, నేల సల్లబడ్తది. ఆ గుట్ట ఇంకా కాగుతనే ఉన్నది. టేకు లేదు, అన్నీ తుమ్మలే. ఎండిన చెట్లను కొట్టింది కాదు, అది పచ్చి టేకు మీద పడ్డ గొడ్డలి పని!”

“ఊకో బిడ్డా. ఆ రేంజర్ని దేవునికి ఇడిసిపెట్టు.”

“క్షమించుడు ఆదివారం, చర్చిల. ఇయ్యాల మంగళవారం!”

సైకిలెక్కి తిన్నగా హన్మకొండలో, రిటైరైన ఆ రేంజర్ ఇంటికి పోయాడు. వరండాలో కూర్చున్న ముసలాయన ఒళ్లో కాగితాలు పడేశాడు.

“జయరాజు కొడుకును సార్. పొద్దుగాల్నే ఇవి పై ఆఫీసర్లకు ఇచ్చిన. కేసు మళ్ల తెరుస్తాండ్రు. టేకు నరికినోడు ఇగ జైలుకే!”

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటి కాగితానికి తిప్పి, గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు. అది చూసి సాల్మన్‌కు ప్రాణం లేచొచ్చింది.

“వాపస్ తీసుకోరాదా?” అన్నాడు ముసలాయన.

“రాదు. భయమైతాందా సార్?”

“నా కోసం కాదు.” ఆయన కళ్లద్దాలు తీసి తల దించుకున్నాడు.

“మీ బాపును జైలుకు పంపబుద్ధి గాకనే పురుగని రాసిన, బిడ్డా.”