కిర్రుమనని రందా మిషిన్

"మిషినొద్దయ్యా, వేళ్లు పోతయ్" అని సుగుణమణి షాపు మెట్ల మీద గూడ మొగనితోని మొత్తుకున్నది. బొగ్గు బాయి పని నుంచి రిటైరైన తోమాసు ఇనలే. ఇంటికాడ కుర్చీలు చెయ్యాలె, పలకల అంచులు సాపు చేసే రందా మిషిన్ ఉండాల్సిందే అన్నడు.

"పెద్దదైతే పని జల్దయితది, కాకా" అని షాపు పిలగాడు మిషిన్ ఆన్ చేసి పలక తోసిండు. పలక కిర్రుమన్నది.

తోమాసు ఆమె చెయ్యి దొరకబట్టి రోడ్డు మీదికి ఉరికిండు.

"ఏమైందయ్యా?"

"బాయిల కప్పు కింద నిలబెట్టిన కట్టె కిర్రుమన్నదంటే కప్పు కూలుతది. ఉరుకుడే."

అతని చెయ్యి ఆమె చెయ్యిని ఇంకా గట్టిగనే పట్టుకున్నది. ముప్పై ఏండ్లు, షిఫ్టుకు పోయినప్పుడల్లా "భయమైతలేదా" అని ఆమె అడిగితే, "భయమేంది, అలవాటే" అని నవ్విన మనిషి.

సుగుణమణి ఆ చెయ్యి ఇడువకుండనే మళ్ల లోపలికి తీస్కపోయింది.

"కట్టె కిర్రుమననిది ఏదన్న ఉంటే సూపియ్యి, బిడ్డా."