కొలతలాయన, కథలమ్మ

“ఈ గోడకి చెమ్మ ఉందండీ. వానాకాలం వస్తే పెచ్చులు రాలతాయి,” అంది కథలమ్మ.

గది చివర కొలత టేపు పట్టుకుని నిలబడ్డ కొలతలాయన తలెత్తి చూశాడు.

ఇళ్ళమ్మే ఆఫీసులో వాళ్ళిద్దరూ పదకొండేళ్ళుగా జోడీ. ఏ ఇల్లు చూపించాలన్నా ముందు ఆయన పునాది లోతు, గోడ మందం, స్లాబు వయసు చెబుతాడు. తర్వాత ఆవిడ కొనేవాళ్ళను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ ఇంట్లో వాళ్ళ రేపటి రోజులు ఎలా గడుస్తాయో కళ్ళకు కట్టిస్తుంది. ఉత్త లెక్కలు చెబితే జనం ఆవలిస్తారు. ఉత్త కథలు చెబితే అనుమానిస్తారు. “ఆయన ఇల్లు నిలబెడతాడు, ఈవిడ కాపురం పెట్టిస్తుంది” అని ఆఫీసులో నవ్వుకుంటారు. ఆ పేర్లు కూడా అక్కడ పెట్టినవే.

చెమ్మ సంగతి ఎత్తవలసి వస్తే ఆయనే ఎత్తాలి. ఆవిడ నోట అలాంటి మాట ఎన్నడూ రాలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళు మందుల షాపాయన, ఆయన అత్తగారు. కూతురు పోయి మూడేళ్ళయినా ఆ పెద్దావిడ అల్లుడి దగ్గరే ఉండిపోయింది. ఆయన పెద్దగా నోరు విప్పడు. బేరాలన్నీ అత్తగారివే.

ఈ ఇల్లు నెలాఖరులోగా అమ్ముడుపోవాలి. యజమానులు భార్యాభర్తలు, విడిపోతున్నారు. ఇల్లమ్మి చెరిసగం తీసుకుంటామని కోర్టులో రాసిచ్చారు. గడువు దాటితే ఆ కాగితం చెల్లదు, వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఇప్పటికి ఐదుగురు వచ్చి, చూసి, చెబుతామని వెళ్ళిపోయారు.

వంటిల్లు చీకటిగా ఉంది. కథలమ్మ అలమర వెనక్కి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే స్విచ్చి వేసింది.

“ఇల్లు బాగా అలవాటయినట్టుంది మీకు,” అన్నాడు షాపాయన.

“చాలామందికి చూపించాం,” అంది. ఆ వెంటనే, స్నానాలగదిలో వాలు తప్పిందనీ, నీళ్ళు మూలన నిలుస్తాయనీ, రెండు పడగ్గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలదే కాబట్టి అటు దగ్గినా ఇటు వినిపిస్తుందనీ వరసగా చెప్పుకుపోయింది. గొంతు పాఠం అప్పజెప్పినట్టుంది.

అత్తా అల్లుడూ నీళ్ళ ట్యాంకు చూడటానికి డాబా మీదికి వెళ్ళినప్పుడు కొలతలాయన ఆవిడ దగ్గరికి వచ్చాడు.

“ఏం చేస్తున్నావు నువ్వు?”

“నిజం చెబుతున్నాను. మీరు నేర్పిందే.”

“ఇవాళే గుర్తొచ్చిందా?”

ఆవిడ వంటింట్లో దీపం ఆర్పడానికి కదిలింది. ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

కిందికి దిగాక అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి, ఇంత మంచి చోట ఇల్లు ఎందుకు అమ్ముకుంటున్నారని అడిగింది. బదిలీ అయిందని చెప్పాలని ముందే అనుకున్నారు. విడిపోయినవాళ్ళ ఇల్లంటే కొనేవాళ్ళు వెనకాడతారు. బేరం కుదిరేదాకా యజమానులెవరో బయటపెట్టకపోవడం కూడా ఆ ఆఫీసు పద్ధతే.

“విడిపోతున్నారండీ,” అంది కథలమ్మ.

“కొట్టుకునేవాళ్ళా?”

“లేదు. మాట్లాడుకోవడం మానేశారు. ఎప్పుడు మానేశారో వాళ్ళకే తెలీదు.”

అత్తగారు గుమ్మం చెక్క నిమిరింది. “దానికి ఇల్లేం చేస్తుంది పాపం. మా అల్లుడూ మాట్లాడడు. ఇద్దరి వంతూ నేనే లాగిస్తున్నా,” అంది. షాపాయన అటు తిరిగి గడియ వేసి తీసి చూసుకుంటున్నాడు.

అప్పుడు కొలతలాయన, ఎన్నడూ లేనిది, కథ ఎత్తుకున్నాడు. పెరట్లోకి దిగే మెట్లు చూపించాడు.

“వానొస్తే ఆ ఇద్దరూ ఇక్కడే కూర్చునేవాళ్ళండీ. ఆవిడ పాదాలు చూరు నీళ్ళ కిందికి చాపేది. జలుబు చేస్తుందని ఆయన తిట్టేవాడు. తిడుతూనే తన కాళ్ళూ చాపేవాడు.”

గొంతులో ఎత్తుపల్లాలేమీ లేవు. స్లాబు మందం చెప్పినట్టే చెప్పాడు.

కథలమ్మ చాలాసేపు ఆ మెట్ల వంక చూసింది.

“ఇన్నాళ్ళూ ఈ కథ ఎక్కడ దాచారు?” అంది నెమ్మదిగా.

“చెప్పడానికి ఇదొక్కటే మిగిలింది,” అన్నాడాయన.

ఇంకా రెండు లోపాలున్నాయి ఆ ఇంటికి. ఆవిడ వాటి ఊసెత్తలేదు.

చెమ్మకి మందేమిటని షాపాయన అడిగాడు. గోడలో పైపు అతుకు కారుతోందనీ, అది మార్చి బయటివైపు పూత వేయిస్తే రెండు రోజుల్లో అయిపోతుందనీ కొలతలాయన చెప్పాడు. అత్తగారు గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఆ చెయ్యి చీర చెంగుకి తుడుచుకుని అల్లుడి వైపు తిరిగింది.

“తప్పులు ముందుగా చెప్పి అమ్మేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా. వీళ్ళని నమ్మచ్చు. తీసేసుకుందాం నాయనా.”

అల్లుడు తలూపాడు.

కథలమ్మ ఇంట్లోకి వెళ్ళి కిటికీలు ఒక్కొక్కటే మూసింది. కాస్త ఎక్కువసేపే పట్టింది. కొలతలాయన తాళం చేతిలో పట్టుకుని వీధి గుమ్మం దగ్గర ఎదురుచూశాడు, తొందరపెట్టలేదు.

సాయంత్రానికి ఆఫీసులో ఒప్పందం కాగితాలు సిద్ధమయ్యాయి. షాపాయన రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, అమ్మేవాళ్ళ గళ్ళు రెండూ ఖాళీగా ఉండటం చూసింది.

“ఆ మొగుడూ పెళ్ళాలు ఎప్పుడొస్తారమ్మా? కలిసొస్తారా, విడివిడిగానా?”

కొలతలాయన కలం మూత తీసి బల్ల మీద పక్కకు జరిపాడు.

“ఆ ఇద్దరం మేమే,” అంది కథలమ్మ.