బొమ్మకు మాస్కు

"ఏమయ్యా, నీ బొమ్మ పనికిరాదు. తీసుకుపో," అన్నారు పెద్ద డాక్టరుగారు.

పసిపిల్లల వైద్యం సాధన చేయడానికి వాడే బొమ్మ అది. ఆసుపత్రికి అమ్ముదామని తెచ్చాను. ఊపిరాడనట్టు దాని పెదాలు నీలంగా మారాయి.

"ఆక్సిజన్ ఇచ్చానని మూడుసార్లు చెప్పాను. తేరుకోదేం?"

"చెప్పారు గానీ ఇవ్వలేదు సార్. మాస్కు పెట్టాలి," అంది శిక్షణ ఇచ్చే నర్సమ్మ.

"బొమ్మకు మాస్కేంటమ్మా! పెట్టాననుకో."

నేను వెంటనే తలూపాను. కొనేవారి మాటకు ఎదురు చెబితే బేరం ఉండదు.

నర్సమ్మ కదల్లేదు. డాక్టరుగారు విసుగ్గా వార్డు బీరువా తెరిచి, ఒక మాస్కు తెచ్చి పెట్టారు. అది బొమ్మ ముఖాన్ని కళ్లతో సహా కప్పేసింది. ఇంకోటి తీశారు. అదీ పెద్దవాళ్లదే.

"చిన్నవెక్కడ?"

"లేవు సార్. పోయిన నెల కావాలని మీకు కాగితం పెట్టాను. తెప్పించాననుకో అన్నారు మీరు."

డాక్టరుగారు చేతిలోని మాస్కును బీరువాలో పెట్టేశారు.

"వార్డులో పిల్లలెంతమంది?"

"పదకొండు మంది సార్."

నేను బొమ్మను పెట్టెలో సర్దబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఉంచవయ్యా."

బేరం కుదిరింది. మా సరుకు మంచిదేనండీ అనబోయి, నోరు మూసుకున్నాను.